ఉంగరాల జుట్టు హీరోగారు

ఉంగరాల జుట్టు అనగానే మీకు ఏ హీరో గుర్తొచ్చాడో నాకు తెలుసు లెండి! కానీ ఈ వారం కబుర్లు ఆయన గురించి కాదు. మార్కాపురంలో మా పెద్దమ్మ ఇంట్లో ఉన్న నాలుగు కాళ్ళ హీరోగారి గురించి.

జాతి పూడిల్. 2020 లాక్‌డౌన్‌లో మా అన్నయ్య హైదరాబాదులో ముచ్చటపడి కొన్నాడు. ఆ తర్వాత ఉద్యోగం మీద విదేశం వెళ్తూ, "నాలుగు నెలలు చూడమ్మా" అని తెచ్చి తల్లి దగ్గర దింపాడు. ఆ నాలుగు నెలలు ఇంకా పూర్తి కాలేదు! వీధిలో వాళ్ళంతా గుమిగూడి, "ఏందక్కా ఇది, గొర్రెనా కుక్కనా?" అని ఒకటే ప్రశ్న. నిజానికి మన వైపు పెరిగే నెల్లూరు గొర్రెకు కూడా అంత ఉన్ని ఉండదు. ఎండలకు తగ్గట్టు పొట్టి వెంట్రుకలే. దీనికేమో తల నుంచి తోక దాకా రింగులే రింగులు! పెద్దమ్మ దానికి 'ఉంగరం' అని పేరు పెట్టేసింది.

అన్నట్లు, ఈ పూడిల్ అసలు నీటి కుక్క. నీళ్ళలో తపతపలాడటం అనే అర్థమున్న జర్మన్ మాట నుంచి దానికా పేరొచ్చింది. వేటగాడు కొట్టిన బాతును నీళ్ళలో దూకి తెచ్చివ్వడం దాని ఉద్యోగం. సినిమాల్లో గొప్పింటి అమ్మగారి ఒళ్ళో కనిపించే పూడిల్‌కి ఓ వింత క్రాపు ఉంటుంది చూడండి, అదీ మొదట షోకు కోసం పుట్టింది కాదు. ఈతకు అడ్డం రాకుండా ఒళ్ళు కత్తిరించి, చలి తగలకుండా రొమ్ము మీద, కీళ్ళ మీద మాత్రం జుట్టు వదిలేసేవారట. 2009లో ఒబామాగారి పిల్లల కోసం వైట్‌హౌస్‌లో అడుగుపెట్టిన 'బో' కూడా ఇలాంటి నీటి కుక్కే. అది పోర్చుగల్ జాలరుల జాతి.

అలాంటి జీవాన్ని తెచ్చి, పలకల గనుల ఊళ్ళో, బిందె నీళ్ళకు ఎదురుచూసే వేసవిలో పెడితే ఎలా ఉంటుంది?

ఈ జుట్టుకో సుగుణం ఉంది. ఇల్లంతా రాలదు. దుర్గుణం కూడా అదే! రాలిన వెంట్రుక రింగుల్లోనే చిక్కుకుని ఉండలు కడుతుంది. పాపం, పెద్దమ్మకు ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు. రోజూ పైపైన దువ్వి, వారానికోసారి నీళ్ళు పోసి, తడి ఒంటితోనే వదిలేసేది. నిరుడు మే నెలలో నేను వెళ్ళేసరికి, చంకల్లో, చెవుల వెనక ఉండలు రాళ్ళలా గట్టిపడి చర్మాన్ని లాగేస్తున్నాయి. చెవి ఒకటే వాసన. హీరోగారు మంచం కింద దూరి తిండి మానేశారు.

"నీళ్ళ కుక్కే గదా, కంభం చెరువు కాడ వదిలేసి రాండి. దాని బతుకు అది బతుకుద్ది" అని పక్కింటాయన సలహా.

పెద్దమ్మ కస్సుమంది. "రేపు నాకు కాళ్ళు పడిపోతే నన్నూ చెరువు కాడ వదిలేస్తారా ఏంది?"

పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఉండలన్నీ మిషన్‌తో జాగ్రత్తగా తీసేశారు. చెవికి మందు ఇచ్చారు. "మొత్తం గుండు కొట్టేయండి సార్, చల్లగా ఉంటుంది" అన్నాను తెలివిగా. ఆయన నవ్వారు. చర్మం బయటపడితే ఎండకు కాలుతుందట. పొట్టిగా కత్తిరించి ఓ పొర ఉంచాలట. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాను. రొప్పుడు ఆగక, చొంగ చిక్కబడి, తూలుతుంటే వడదెబ్బే. మామూలు చల్లనీళ్ళతో ఒళ్ళు తడిపి, గాలి తగిలేలా చేసి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇప్పుడు పెద్దమ్మ పద్ధతే వేరు. పొద్దున్నే ఇనప దువ్వెనతో పాయ పాయ విడదీసి మొదలంటా దువ్వుతుంది. స్నానానికి ముందే చిక్కు తీస్తుంది, ఎందుకంటే తడిస్తే ఉండ ఇంకా బిగుస్తుంది. తర్వాత చెవులు పొడిగా తుడిచి, ఫ్యాను కింద ఆరబెడుతుంది. ఆరు వారాలకోసారి కత్తెర. కాళ్ళ మధ్య పల్లేరు కాయలు, పిడుదులు వెతకడం సాయంత్రం పని. రోడ్డు మీద ముంజేతి వెనక ఆనించి చూసి, కాలకపోతేనే షికారు. కూరలో ఉల్లిపాయ ఉంటే ముద్ద పెట్టదు. అది కుక్క రక్తానికి చేటు.

వానలు పడ్డాక ఒకనాడు కంభం వెళ్ళాం, వదిలిపెట్టడానికి కాదు సుమండీ! గుండ్లకమ్మ మీద రాయలవారి కాలంలో కట్టిన చెరువది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలోకి కూడా ఎక్కింది. ఉంగరం ఒడ్డున నిలబడి వాసన చూసింది. ఓ కాలు పెట్టింది. అంతే... ఎవరూ నేర్పకుండా, ఎప్పటినుంచో తెలిసినట్టు ఈదుకుంటూ పోయింది! పెద్దమ్మ కట్ట మీద కూర్చుని తువ్వాలు పట్టుకుని ఎదురుచూస్తూ, "మావోడు వదిలిపెట్టి పోయింది దీన్నొక్కదాన్నేనా, అబ్బాయా?" అంది మెల్లగా. నేను మాట మార్చేశాను.

తెర మీద కుక్కను చూసి ముచ్చటపడి కొనబోయే పాఠకులకు ఒక్క మాట. తెర మీద కుక్కకు కాల్షీటు ఉంటుంది, పేకప్ ఉంటుంది. ఇంట్లో కుక్కకు అవి లేవు. ఇది వందరోజుల ఆట కాదు, పన్నెండు పదిహేనేళ్ళు నడిచే ఆట. టిక్కెట్టు కొనేముందు చివరిదాకా కూర్చోగలరో లేదో చూసుకోండి.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం!