చివరిసారి ఎత్తుకున్నదెవరు?

పసిబిడ్డ తలలో నెత్తురు గడ్డకట్టి చనిపోయిందని డాక్టరు చెప్పిన మరుక్షణం మనవాళ్ళు వేసే ప్రశ్న ఒక్కటే: చివరిసారి ఎత్తుకున్నదెవరు? ఈ ప్రశ్న వేసేది ముప్పాళ్ళ రచ్చబండ మీది పెద్దమనుషులు మాత్రమే అయితే నేనీ వ్యాసం రాయనక్కరలేదు. పోలీసులూ అదే అడుగుతున్నారు, ప్లీడర్లూ అదే అడుగుతున్నారు. శాస్త్రీయ దృక్పథాన్ని గురించి గంటల తరబడి ఉపన్యసించే మన అభ్యుదయ మిత్రులు కూడా "కసాయి తల్లి" అనే శీర్షిక చూసి, "డాక్టర్లే చెప్పారు గదా!" అని పేజీ తిప్పేస్తున్నారు. నా తగవు ముఖ్యంగా ఈ మిత్రులతోనే.

మా ఊళ్ళో జరిగిందే చెబుతాను. పేర్లు అనవసరం. మిరపకోతల రోజులు. మూడోనెల బిడ్డను చీర ఉయ్యాలలో వేసి తల్లి ఇంటిపని చూసుకుంటున్నది. బిడ్డ పొద్దుటినుంచీ పాలు సరిగా తాగలేదు; మధ్యాహ్నానికి ఫిట్స్ వచ్చాయి. ఆటోలో నరసరావుపేట, అక్కడినుంచి గుంటూరు. స్కానింగు తీసి, తలలో రక్తస్రావమన్నారు. ఒంటిమీద దెబ్బ లేదు, కమిలిన మచ్చ లేదు. మర్నాటికి బిడ్డ పోయింది. "ఎవరు పడేశారమ్మా?" అని అడిగితే అత్తగారు – పరాయిది కాదు, సొంత మేనత్తే – "పొద్దుటినుంచీ దాని చేతిలోనే ఉందయ్యా" అన్నది. ఆ ఒక్క మాటతో దర్యాప్తు పూర్తయినట్లే. పైగా ఆ పిల్ల ఏడవలేదట, కొయ్యబారి కూర్చున్నదట. కన్నతల్లి ఏడవకుండా ఉంటుందా? ఇది రెండో సాక్ష్యం! కేసు కోర్టుదాకా పోలేదు. కాని పెద్దమనుషులు తెగతెంపులు చేసి ఆమెను గురజాల దగ్గర పుట్టింటికి పంపేశారు. ఊరిచ్చిన తీర్పు మీద అప్పీలు లేదు.

చాలాకాలం తరువాత ఆమె తల్లి మాటల సందర్భంలో ఒక సంగతి చెప్పింది. బొడ్డు ఊడిన తరువాత వారం రోజులు నెత్తురు చెమరుస్తూనే ఉన్నదట. పసుపు అద్దుతూ వచ్చారట. ఈ సంగతి ఏ కాగితం మీదా ఎక్కలేదు. ఎవరూ అడగలేదు గనుక ఆవిడా చెప్పలేదు. నెత్తురు గడ్డకట్టడానికి పనికివచ్చే పదార్థాలలో పదమూడవదని ఒకటున్నది. పుట్టుకతో అది లోపించిన బిడ్డకు ముందు బొడ్డు దగ్గర నెత్తురు ఆగదు. ఆపైన ఏ దెబ్బా తగలకుండానే తలలో రక్తస్రావం కావచ్చు. మామూలు రక్తపరీక్షలలో ఇది బయటపడదు, ప్రత్యేకంగా వెతకాలి. ఇది అరుదైన జబ్బే. అయితే తల్లివైపునుంచీ తండ్రివైపునుంచీ కూడా సంక్రమిస్తేనే వచ్చేది గనుక మేనరికాలున్నచోట అంత అరుదు కాదు. గ్లుటారిక్ అసిడూరియా అనే మరో వంశపారంపర్య వ్యాధిలోనూ తలలో నెత్తురు చేరుతుంది. ఇవేవీ లేకపోయినా, పుట్టగానే వేయవలసిన 1 మిల్లీగ్రాము విటమిన్ కె ఇంజక్షను వేయకపోతే, తల్లిపాలమీదే ఉన్న బిడ్డకు ఒకటి రెండు నెలల వయసులో ఇదే ముప్పు రావచ్చు. ఆ బిడ్డ వీటిలో ఒకదానితోనే చనిపోయిందని నేననడం లేదు. అలా అంటే నేనూ రచ్చబండ ఎక్కినట్లే. ఎవరూ వెతకలేదంటున్నాను, అంతే.

ఇక "డాక్టర్లు చెప్పిన" శాస్త్రం సంగతి. బిడ్డను పట్టుకుని గట్టిగా కుదిపితే బయట దెబ్బ లేకుండానే మెదడుపొరల కింద నెత్తురు చేరవచ్చునని 1971లో గుత్కెల్చ్ అనే ఇంగ్లీషు శస్త్రవైద్యుడు రాశాడు. ఆయన ఊహ ఊహగానే ఉండి ఉంటే పేచీ లేదు. కాని పొరల కింద నెత్తురు, కంటితెరలో నెత్తురు, మెదడు వాపు – ఈ మూడూ కనిపిస్తే కుదిపినట్లే, కుదిపింది చివరిసారి దగ్గరున్న మనిషే అని కోర్టుల్లో అదొక సూత్రమై కూర్చున్నది. ఆ సూత్రాన్ని కోర్టులు వాడుతున్న తీరు చూసి ముసలితనంలో గుత్కెల్చే ఆందోళన వెలిబుచ్చాడు. 2008లో అమెరికాలో 101మంది నవజాత శిశువులకు స్కానింగు తీస్తే 46మందికి, ఏ జబ్బూ పైకి కనబడనివారికి, పొరల కింద నెత్తురున్నది. అది ప్రసవంలో చేరిన నెత్తురు! ఆ మూడు లక్షణాలను బట్టి కుదిపారని తేల్చడానికి తగినంత శాస్త్రాధారం లేదని 2016లో స్వీడను ప్రభుత్వసంస్థ ఒకటి నివేదిక ఇచ్చింది. అమెరికా శిశువైద్యుల సంఘం ఒప్పుకోలేదు. వాదం ఇంకా నడుస్తూనే ఉన్నది. వాదం తేలకముందే మనిషిని ఉరికంబం దాకా నడిపించవచ్చునా?

నడిపించారు. టెక్సస్‌లో రాబర్ట్ రాబర్సన్ అనే తండ్రికి, రెండేళ్ళ కూతురి మరణానికిగాను 2003లో మరణశిక్ష వేశారు. ఆస్పత్రిలో అతను ఏడవలేదట. అదీ అతని మీద సాక్ష్యమైంది. అతనికి ఆటిజం ఉన్నదని ఆ తరువాత ఎన్నో ఏళ్ళకుగాని తేలలేదు. ఆనాడు దర్యాప్తు నడిపిన పోలీసు అధికారే ఇప్పుడు అతను నిర్దోషి అంటున్నాడు. 2024 అక్టోబరులో ఒకసారి, 2025 అక్టోబరులో మరొకసారి శిక్ష అమలు ఆఖరి రోజుల్లో ఆగింది. టెక్సస్ మనకెక్కడో దూరమనుకోవద్దు. కూతుళ్ళకూ కోడళ్ళకూ పురుడు పోయడానికి మన పల్నాటి అమ్మమ్మలూ నాయనమ్మలూ విమానమెక్కి పోతున్నది అక్కడికే. మనవణ్ణి పగలంతా ఎత్తుకునేది వారే. ఆ భాష రాని ముసలమ్మ పోలీసుల ముందు ఏం చెప్పుకుంటుంది?

మన చట్టం మాటకొస్తే, తనకొక్కడికే ప్రత్యేకంగా తెలిసిన సంగతిని ఆ మనిషే రుజువు చేసుకోవాలనే సెక్షను పాత సాక్ష్యచట్టంలో 106, 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టంలో 109. నాలుగు గోడల మధ్య బిడ్డ పోతే ఈ సెక్షను తల్లి మెడకే చుట్టుకుంటుంది. నేరం రుజువు చేసే భారం ప్రాసిక్యూషను మీదనుంచి ఈ సెక్షనుతో దిగిపోదని 1956లోనే శంభునాథ్ మెహ్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పి ఎన్నేళ్ళయిందో పాఠకులే లెక్క కట్టుకోవచ్చు.

"అయితే పిల్లల్ని కొట్టి చంపేవాళ్ళే లేరా?" అని అడుగుతారు. ఎందుకు లేరు? 2012లో ఢిల్లీలో పెద్దాసుపత్రికి తెచ్చిన రెండేళ్ళ పాప ఒంటినిండా పళ్ళగాట్లున్నాయి, ఎముకలు విరిగి ఉన్నాయి. అక్కడ శరీరమే సాక్ష్యం చెప్పింది. గాట్లున్న శరీరాన్నీ, మచ్చలేని శరీరాన్నీ ఒకే తక్కెడలో తూచేవాడు పిల్లల పక్షాన ఉన్నవాడు కాడు. అతనికి కావలసింది ఒక దోషి. అటువంటి దోషుల్ని తయారుగా ఉంచినవాళ్ళం మనం రచయితలం కూడా. ఎన్ని కథల్లో రాయలేదు మనం, ఆ సవతి తల్లినీ, ఏడవని ఆడదాన్నీ!

అవతల ఆ భర్తకు మళ్ళీ సంబంధం చూస్తున్నారు. ఈసారీ మేనరికమే, చిన్న మేనమామ కూతురు. పెళ్ళికి ముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించమని నేను వెళ్ళి చెప్పాను. మేనత్త నాకు మజ్జిగ ఇచ్చి, "మా వంశంలో రోగాలెక్కడివయ్యా? చేసింది అది గదా" అన్నది.