కొండను కోయని ఇల్లు

సముద్రానికి ఎదురుగా, కొండవాలులో ఓ స్థలం కొన్నారనుకోండి. మొట్టమొదట చేసే పనేంటి? పొక్లెయిన్‌ని పిలిపించడం! వాలునంతా నిలువునా తవ్వించి, నేల చదును చేయించి, వెనకాల మట్టి జారకుండా పెద్ద రిటైనింగ్ వాల్ కట్టించి... అప్పుడుగానీ పునాదికి ముగ్గు పోయం. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో కొండవైపు చూస్తే ఈ తంతు కనిపిస్తూనే ఉంటుంది. బల్లపరుపు నేల కోసం గీసిన ప్లాను చేతిలో పట్టుకుని, దానికి తగ్గట్టు కొండనే మార్చేస్తామన్నమాట.

దాదాపు వందేళ్ల కిందట ఒకావిడ దీన్ని తిరగేసి ఆలోచించింది. పేరు ఐలీన్ గ్రే. 1878లో ఐర్లండ్‌లో పుట్టి, పారిస్‌లో స్థిరపడింది. ల్యాకర్ పూతతో తెరలూ, కుర్చీలూ చేయడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. ఆర్కిటెక్చర్ మాత్రం చదవలేదు. 'నువ్వే ఓ ఇల్లు కట్టరాదూ' అని ప్రోత్సహించింది స్నేహితుడు జీన్ బడోవిచి. రుమేనియా నుంచి వచ్చిన ఆర్కిటెక్టు, ఓ వాస్తు పత్రిక సంపాదకుడు. (మన ఈశాన్యం, ఆగ్నేయం వాస్తు కాదులెండి, భవన నిర్మాణ కళ!) అలా 1926లో, నలభై ఏడెనిమిదేళ్ల వయసులో, ఆమె మొదటి ఇల్లు మొదలైంది.

స్థలం ఫ్రాన్స్ దక్షిణ తీరంలో, మొనాకోకీ ఇటలీ సరిహద్దుకీ మధ్య ఉన్న రోక్‌బ్రూన్ కాప్ మార్తాన్ అనే ఊళ్లో. పైన రైలు పట్టాలు, కింద రాళ్లు, ఆ కింద మధ్యధరా సముద్రం. మధ్యలో మెట్లుమెట్లుగా దిగే కొండవాలు. బండి వెళ్లే దారి లేదు. సిమెంటూ, ఇనుమూ అన్నీ ఒంటిచక్రపు తోపుడుబండి మీదే రావాలి. గ్రే అక్కడే మకాం పెట్టి, కొద్దిమంది పనివాళ్లతో మూడేళ్లపాటు కట్టించింది. ముందు ఆ వాలునీ, ఎండనీ, గాలినీ గమనించింది. ఆమె ప్లాన్లలో గోడలూ గుమ్మాలే కాదు, సూర్యుడు ఏ వేళకి ఎటు తిరుగుతాడో, ఇంట్లోవాళ్లు ఏ గదిలోంచి ఏ గదిలోకి నడుస్తారో కూడా గీతలు గీసి ఉంటాయి. పడగ్గది తూర్పుకి ఉన్నది అందుకే, పొద్దుటి ఎండ కోసం.

వాలుని ఏం చేసిందంటారా? దాదాపు ఏమీ చేయలేదు. కొండవైపు నుంచి నేరుగా నడిచి వస్తే పై అంతస్తులో అడుగుపెడతాం. హాలూ, పడగ్గదీ, పొడుగాటి బాల్కనీ అక్కడే. అదే ఇంటిని సముద్రం వైపు నుంచి చూస్తే, సన్నటి స్తంభాల మీద తేలుతున్నట్టు ఉంటుంది. ఆ స్తంభాల మధ్య నీడపట్టు, పక్కనే అతిథుల గది, కింది తోట. నేల దిగుతూ ఉంటే ఇల్లు దిగకుండా నిలబడిందన్నమాట. దీనివల్ల లాభం అందం ఒక్కటే కాదు. వాలుని నిలువుగా కోసినప్పుడు పైనుంచి వచ్చే వాననీళ్లు ఆ గోడ వెనకే చేరతాయి. గోడకి కన్నాలు లేకపోయినా, అవి మట్టితో పూడిపోయినా, తడిసిన మట్టి బరువంతా గోడ మీదే. నాలుగు స్తంభాలు దిగేసిన చోట ఆ నీళ్లు తమ దారిన తాము కిందకి పోతాయి.

ఇల్లు చిన్నది. తెల్లటి గోడలు, చదునైన పైకప్పు, సముద్రం వైపు వరుసగా మడతపడే కిటికీలు. ఇప్పుడు మనం 'మినిమలిస్ట్' అంటున్నామే, ఆ కోవకే చెందుతుంది. ఆ మాట మన దగ్గర ఖాళీ హాల్లో ఓ తెల్ల సోఫా, మూలన ఓ కుండీ అనే అర్థంలో వాడేస్తున్నారు. సామాన్లు ఎక్కడికి పోయాయంటే... పక్కగదిలో గుట్టగా! గ్రే ఇంట్లో అలా కాదు. ప్రతి వస్తువుకీ గోడలోనే ఓ చోటు. టోపీలు ఎక్కడ, దిండ్లు ఎక్కడ అని ఆ అల్మరాల మీద అచ్చుల్లో రాసి ఉంటుంది. మంచం తలవైపే దీపమూ, గడియారమూ అమర్చి ఉంటాయి. బాల్కనీ కటకటాలకి ఓడల మీద ఉన్నట్టు తెరచాప గుడ్డ. అక్కర్లేనప్పుడు తీసేయొచ్చు. గుమ్మం దగ్గర 'నెమ్మదిగా లోపలికి రండి' అనీ, 'నవ్వడం నిషేధం' అనీ రాయించింది. ఆ రెండోది చదివి నవ్వకుండా లోపలికి వెళ్లినవాళ్లు ఎవరో!

వంటగది సంగతి మన ఆడవాళ్లకి తప్పకుండా నచ్చుతుంది. అక్కడి పల్లెల్లో వేసవిలో ఆరుబయటా, చలికాలంలో లోపలా వండుకోవడం గ్రే గమనించింది. మన పెరటి పొయ్యి లాంటిదే. అందుకే వంటగదిని మిగతా ఇంటి నుంచి విడదీసి, దానికి మడిచేసే అద్దాల పలకలు పెట్టింది. మడిస్తే ఆరుబయట వంట, మూస్తే గది. వాసన, పొగ హాల్లోకి రావు. మంచంలో ఫలహారం తినే చెల్లెలు దుప్పటి మీద పొడి రాల్చకుండా, ఎత్తు పెంచి తగ్గించుకునే చిన్న గాజుబల్ల చేసిందని చెబుతారు. ఆ ఉక్కు గొట్టాల బల్ల ఇవాళ న్యూయార్క్ 'మోమా' మ్యూజియంలో ఉంది. ఇల్లంటే యంత్రమని ఆ రోజుల్లో ఓ నినాదం ఉండేది. గ్రేకి అది సమ్మతం కాదు. ఇల్లు మనిషికి చిప్పలాంటిదని ఆమె ఉద్దేశం.

ఆ నినాదం లె కార్బుజియేది. అవును, మన చండీగఢ్‌కి ప్లాను గీసినాయనే. 1929లో ఇల్లు పూర్తయింది. పేరు 'ఈ-1027'. ఇంగ్లిష్ అక్షరాల వరసలో 10 అంటే జె, 2 అంటే బి, 7 అంటే జి. ఐలీన్, జీన్, బడోవిచి, గ్రే అని రెండు పేర్లనీ అల్లేసిన గుట్టు అది. స్థలం మాత్రం బడోవిచి పేరునే ఉంది. కొన్నేళ్లకే ఇద్దరూ విడిపోయారు. ఇల్లు ఆయనకి మిగిలింది. 1938, 39లలో అక్కడికి అతిథిగా వచ్చిన లె కార్బుజియే ఆ తెల్లగోడల మీద పెద్దపెద్ద రంగుల బొమ్మలు వేశాడు. కట్టినావిడని మాటమాత్రంగా అయినా అడగలేదు. గ్రేకి అది విధ్వంసమే అనిపించింది. ఖాళీగా ఉందని ఎవరో వచ్చి నింపేస్తే, ఆ ఖాళీని ఒక్కో అంగుళం లెక్కేసి వదిలిన మనిషికి ఎలా ఉంటుంది? తర్వాత రెండో ప్రపంచయుద్ధంలో సైనికులు ఆ గోడల మీద తుపాకులు పేల్చారు. ఏ దెబ్బ పెద్దదని అడిగితే నేను బొమ్మల పేరే చెబుతాను.

లె కార్బుజియే ఆ తీరాన్ని వదల్లేదు. 1952లో ఆ ఇంటి పక్కనే ఓ చెక్క గది వేసుకున్నాడు. 1965 ఆగస్టు 27న అక్కడే సముద్రంలో ఈదుతూ చనిపోయాడు. అన్నాళ్లూ ఇంటి ఘనత బడోవిచికో, లె కార్బుజియేకో దక్కుతూ వచ్చింది. 1968లో జోసెఫ్ రిక్‌వర్ట్ అనే చరిత్రకారుడు 'డోమస్' పత్రికలో గ్రే గురించి రాసేదాకా ఆమె పేరు దాదాపు మరుగునే ఉంది. అప్పటికి ఆమెకి 90 ఏళ్లు! 1976లో, 98వ ఏట కన్నుమూసింది. 2009లో పారిస్ వేలంలో ఆమె చేసిన ఒక్క కుర్చీ 2 కోట్ల 19 లక్షల యూరోలకి అమ్ముడైంది.

ఆ తర్వాత ఆమె తనకోసం కట్టుకున్న ఇల్లు కూడా కొండమీదిదే. కాస్టెల్లార్ ఊరి దగ్గర, 1930లలో. ఆ స్థలంలో పాత రాతి నీటితొట్లు ఉంటే వాటిని కూల్చలేదు. వాటి మీదే ఇల్లు నిలబెట్టింది.

ఇక 'ఈ-1027' చేతులు మారుతూ, చివరికి పాడుబడింది. ఉప్పుగాలికి కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే, పైన సిమెంటు పెచ్చులుగా రాలిపోతుంది. సముద్రం ఒడ్డున ఇల్లున్న విశాఖవాసులకి కొత్తగా చెప్పక్కర్లేదు. సన్నటి స్తంభాలు, పల్చటి పలకలు ఉన్న ఇళ్లకి ఆ ముప్పు మరీ ఎక్కువ. ఒడ్డున కట్టే మినిమలిస్ట్ ఇంట్లో పొదుపు చేయకూడనిది ఏదైనా ఉంటే అది ఇనుము మీద కప్పే కాంక్రీటు మందమే. 1999లో ఫ్రాన్స్ తీర సంరక్షణ సంస్థ ఆ ఇంటిని కొన్నది. ఏళ్ల తరబడి మరమ్మతులు చేసి, 2015లో సందర్శకుల కోసం తెరిచారు. 2021కి పని పూర్తయింది. లె కార్బుజియే బొమ్మలని చెరపలేదు. అన్నాళ్లు ఆ ఇల్లు కూలకుండా మిగిలిందంటే వాటి పుణ్యమే అనేవాళ్లూ ఉన్నారు.

చూడాలంటే ముందే టికెట్ తీసుకోవాలి. కారు ఇప్పటికీ గుమ్మం దాకా పోదు. స్టేషన్‌లో దిగి, సముద్రం పక్కన కాలిబాట పట్టుకుని నడవాల్సిందే.