చెరపవద్దు, పరదా వేయండి

 

ఈ నెల శీర్షికకు ఆధారం విజయవాడ సింగ్‌నగర్ నుండి ఒక సోదరి రాసిన ఉత్తరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఇళ్లలోకి నీరు చేరినప్పుడు వారి అలమరలోని ఆల్బం తడిసి ముద్దయింది. వారి దాదా, దాదీ కలిసి తీయించుకున్న ఫోటో ఆ ఇంట్లో ఒక్కటే ఉండేది. దానిని ఆరబెట్టి స్కాన్ చేయించారు. ఆ పైన కాగితానికి బూజు పట్టి పనికిరాకుండా పోయింది. స్కాన్‌లో ఎడమవైపున గోధుమరంగు నీటిమరక ఉన్నది. దానిని తొలగించి, వెనుకనున్న స్టూడియో తెరను కూడా తీసివేసి, పటం కట్టించాలని ఆ సోదరి సంకల్పించారు. కంప్యూటరులో ఇరేజరు తీసుకుని తెరను చెరపసాగారు. దాదాగారి టోపీ తెల్లనిది, వెనుక తెర లేత పసుపు. చెరిపే క్రమంలో టోపీ అంచు, దాని క్రింద చెవిలో సగం పోయాయి. అది గమనించకుండానే అదే ఫైలు మీద సేవ్ చేసి మూసివేశారు. మరునాడు చూసి గుండె జారిపోయిందని రాశారు. "హజ్రత్, పోయిన భాగం తిరిగి వచ్చే మార్గం ఉందా?" అన్నది వారి ప్రశ్న.

ఆ ఫైలు నుండి రాదు. ఈ మాట ముందుగా స్పష్టంగా చెప్పాలి. జేపెగ్ ఫైలులో కనిపించే రంగుచుక్కలు తప్ప మరేమీ ఉండదు. చెరిపిన చోట పూర్వం ఏమి ఉండేదో దానికి జ్ఞాపకం లేదు. అయితే అదే ఉత్తరంలో, స్కాన్ చేయించిన రోజున దానిని జిద్దాలో ఉన్న ఫుప్పీకి వాట్సాప్‌లో పంపినట్లు ఒక వాక్యం ఉన్నది. వెంటనే ఫుప్పీకి ఫోను చేయమని సమాధానం రాశాము. ఆమె ఫోనులో ఆ ఫోటో పదిలంగా ఉన్నది. వాట్సాప్ ఫోటోలను కుదించి పంపుతుంది గనుక మొదటి స్కానులో ఉన్న సూక్ష్మమైన వివరం అందులో లేదు. అయినా టోపీ ఉంది, చెవి ఉంది. ఆ ప్రతి మీద ఈసారి ఎలా పని చేయాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన పాత దర్సు కితాబులను చూసినవారికి ఒక సంగతి తెలుసు. పుట మధ్యలో మతన్ ఉంటుంది. చుట్టూ అంచులో హాషియా ఉంటుంది. వ్యాఖ్యాత ఎంత రాసినా అంచులోనే రాస్తాడు. మధ్యలోని మూలాన్ని గీకి దాని మీద రాయడు. తరువాతి తరం వారికి వ్యాఖ్య నచ్చకపోతే దానిని విడిచిపెట్టి మూలాన్ని చదువుకోవచ్చు. ఫోటోలను దిద్దే సాఫ్ట్‌వేర్‌లో లేయర్ మాస్క్ అనేది సరిగ్గా ఇటువంటి హాషియా. ఇరేజరు మూలాన్ని గీకేస్తుంది. మాస్కు మూలాన్ని ముట్టుకోదు. దాని ముందు ఒక పరదా వేస్తుంది, అంతే.

ఈ పరదా ఎలా పనిచేస్తుందో అర్థమైతే మిగిలినదంతా సులభం. లేయరు అంటే పొర. ప్రతి పొరకు దానంత పరిమాణంలోనే ఒక నలుపు తెలుపు చిత్రాన్ని జతచేయవచ్చు. ఆ చిత్రంలో తెలుపు ఉన్న చోట పొర కనిపిస్తుంది. నలుపు ఉన్న చోట మరుగవుతుంది, కానీ నశించదు. బూడిదరంగు ఉన్న చోట సగం సగం కనిపిస్తుంది. సాధారణంగా నలుపుకు 0, తెలుపుకు 255, మధ్యలో మిగిలిన మెట్లు. మొత్తం 256 స్థాయిలు. గడ్డం వెంట్రుకల అంచుల వంటి చోట్ల ఈ మధ్య మెట్లే మనకు ఉపకరిస్తాయి. ఇరేజరుతో చేసిన తప్పుకు అన్‌డూ తప్ప దిక్కు లేదు. మాస్కు మీద నల్లరంగు కాస్త ఎక్కువ పూస్తే తెల్లరంగు తీసుకుని అదే చోట పూస్తే చాలు, టోపీ అంచు తిరిగి వస్తుంది. అది ఈ రోజైనా కావచ్చు, ఫైలును సరిగా భద్రపరిస్తే పదేళ్ల తరువాతైనా కావచ్చు.

ఏ సాఫ్ట్‌వేర్ అని చాలామంది అడుగుతుంటారు. ఫోటోషాప్ 1990లో వెలువడింది. అందులో పొరలు వచ్చింది 1994 నాటి మూడవ కూర్పులో. అది ఖరీదైనది. దొంగ ప్రతులు వాడవద్దని మన విద్యార్థులకు ఎప్పుడూ చెబుతుంటాము. ఆ అవసరం కూడా లేదు. జింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన పని అది. 1996 నుండి ప్రజలకు అందుబాటులో ఉన్నది. మన ఇళ్లలో చేసుకునే పనులకు అది అవసరానికి మించినదే. క్రింద చెప్పేది జింప్ పద్ధతి. ఫోటోషాప్ వాడేవారికి మెనూలలో తేడాలుంటాయి గాని సూత్రం ఒకటే.

ఫుప్పీ పంపిన ఫోటోను తెరవక ముందే దానికి ఒక నకలు తీసి, అసలుదానిని వేరే ఫోల్డరులో ఉంచాలి. దాని పేరులో "అసలు" అన్న మాట చేర్చండి. ఇక దానిని ఎవరూ తాకకూడదు. నకలును జింప్‌లో తెరిచి, మరే పనీ చేయక ముందే కంట్రోల్, ఎస్ నొక్కి ప్రాజెక్టుగా సేవ్ చేయాలి. జింప్ తన సొంత రూపమైన ఎక్స్‌సిఎఫ్‌లో దానిని దాస్తుంది. తరువాత లేయర్ మెనూలో డూప్లికేట్ లేయర్ నొక్కి పొరకు మరో ప్రతి చేసి, క్రింది పొర పక్కనున్న కంటి బొమ్మను నొక్కి దానిని కనిపించకుండా చేయాలి. ఇక పని అంతా పై పొర మీదనే.

ఒక్క నొక్కుతో ఒకే రంగు భాగమంతా ఎంచుకునే పరికరం ఒకటి ఉన్నది, ఫజ్జీ సెలెక్ట్ అంటారు. ఈ ఫోటోలో దానిని నమ్మవద్దు. అది రంగుల దగ్గరతనాన్ని మాత్రమే చూస్తుంది. లేత పసుపు తెరకు, పాతబడిన తెల్ల టోపీకి మధ్య దానికి తేడా తెలియదు. ఫోనులలో నేపథ్యాన్ని తానే తీసివేసే యాప్‌లు కూడా ఇటువంటి చోట్లనే తడబడతాయి. ఓపికగా ఫ్రీ సెలెక్ట్‌తో ఇద్దరి చుట్టూ గీత గీయాలి. గీత కొంచెం వెలుపలికే ఉండాలి. తరువాత సెలెక్ట్ మెనూలో ఫెదర్ అని ఉంటుంది. రెండు మూడు పిక్సెళ్లు ఇస్తే అంచు కత్తెరతో కోసినట్లు కాకుండా మెత్తగా వస్తుంది. అప్పుడు లేయర్ మెనూలో మాస్క్, అందులో యాడ్ లేయర్ మాస్క్ నొక్కితే ఆ మాస్కు ఎలా మొదలవ్వాలని అడుగుతుంది. సెలెక్షన్ అన్నదానిని ఎంచుకోవాలి. తెర మాయమవుతుంది. నిజానికి అది అక్కడే ఉన్నది. పరదా చాటున ఉన్నది.

ఆ పైన సెలెక్షన్‌ను తీసివేసి, మెత్తని కుంచె తీసుకుని అంచులను సరిచేయాలి. డి నొక్కితే రంగులు నలుపు తెలుపుగా మారతాయి. ఎక్స్ నొక్కితే అవి తారుమారవుతాయి. ఈ రెండు అక్షరాలు గుర్తుంటే సగం పని అయినట్లే. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. లేయరు పట్టికలో రెండు చిన్న బొమ్మలు పక్కపక్కన ఉంటాయి: ఒకటి ఫోటో, మరొకటి మాస్కు. ఏది నొక్కితే రంగు దాని మీద పడుతుంది. ఫోటో బొమ్మ నొక్కి ఉంటే దాదాగారి ముఖం మీద నల్లరంగు పడుతుంది. కుంచె పట్టే ముందు ప్రతిసారీ మాస్కు బొమ్మను ఒకసారి నొక్కండి. పని సరిగా వచ్చిందా అని చూడటానికి క్రింద ముదురు నీలం రంగుతో ఒక కొత్త పొర వేయండి. లేత రంగు నేపథ్యం మీద కనిపించని తెల్లటి అంచులు నీలం మీద బయటపడతాయి. చూసుకున్న తరువాత ఆ పొరను దాచివేయవచ్చు.

నీటిమరకకు కూడా మాస్కే మందు. మరక ఉన్న చోట ఫోటో ముదురైంది, గోధుమరంగు తిరిగింది. పై పొరకు మరో ప్రతి చేసి, దాని మాస్కును డిలీట్ లేయర్ మాస్క్‌తో తీసివేయండి. కర్వ్స్ అనే సాధనంతో ఆ ప్రతిని మొత్తంగా తేలికపరచండి. మరక లేని చోట్ల అతిగా తెల్లబడినా కంగారుపడవద్దు. దానికి ఈసారి మాస్కును బ్లాక్ అని ఎంచుకుని చేర్చండి. తేలికపరచిన పొర మొత్తం మరుగవుతుంది. ఇక తెల్లని మెత్తటి కుంచెతో మరక మీద మాత్రమే పూయండి. నీరు ఆగి ఎండిన అంచు దగ్గర గీత ముదురుగా ఉంటుంది. అక్కడ ఎక్కువ, లోపల తక్కువ. కుంచె ఒపాసిటీని 20 లేక 30 శాతానికి తగ్గించి పలుమార్లు పూస్తే చేయి తిరుగుతుంది. ఒక్క ఫోటోకు ఒక సాయంత్రం పట్టవచ్చు. పట్టనివ్వండి.

ఒక మాట. మరక క్రింద ఏమీ మిగలకపోతే, చిరుగు ముఖం మీదుగా పోయి ఉంటే, ఈ రోజుల్లో కృత్రిమ మేధ ఆ లోటును తానే కల్పించి పూరిస్తుంది. తెర మడత, కుర్చీ కాలు వంటివాటికి అభ్యంతరం లేదు. కన్ను, ముక్కు, చిరునవ్వు మాత్రం కల్పించవద్దని మా అభిప్రాయం. దాదాను చూడని మనవలు ఆ కల్పించిన ముఖాన్నే దాదా అనుకుంటారు. ఇంట్లో చెప్పేవారు పోయాక సరిదిద్దేవారు ఎవరు? చిరుగు చిరుగుగానే ఉండనివ్వడం మేలు. అలాగే నికాహ్ పత్రం, భూమి దస్తావేజు వంటివాటి స్కానులలో మరకలు చదువుకోవడానికి తీసుకోండి గాని, దిద్దిన ప్రతిని ఏ కార్యాలయానికీ అసలు పత్రం నకలుగా ఇవ్వవద్దు.

ఇప్పుడు సేవ్ చేయడం గురించి. పని అంతా మాస్కులతో చేసి చివరకు జేపెగ్ ఒక్కటే ఉంచుకుంటే పరదాలన్నీ గోడకు అతికించినట్లే. జేపెగ్‌లో పొరలు ఉండవు, మాస్కులు ఉండవు, పారదర్శకత కూడా ఉండదు. పైగా ప్రతిసారి మార్చి సేవ్ చేసినప్పుడు కొంత వివరాన్ని అది వదిలివేస్తుంది. తెరిచి చూసినందువల్లనో, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినందువల్లనో నాణ్యత తగ్గుతుందన్నది మాత్రం అపోహ. ఎక్స్‌సిఎఫ్ అయితే పొరలు, మాస్కులు, రాసిన అక్షరాలు అన్నీ విడివిడిగా ఉంచుతుంది. అన్‌డూ చరిత్రను మాత్రం దాచదు. ఫైలు మూస్తే అది పోతుంది. అందువల్లనే మాస్కు అవసరం. ఒక్కో దశ పూర్తయ్యాక సేవ్ యాజ్‌తో అంకె మార్చి దాచుకోండి: దాదా 1, దాదా 2, ఇలా.

2012లో వచ్చిన 2.8వ కూర్పు నుండి జింప్‌లో సేవ్ అంటే ప్రాజెక్టు మాత్రమే. జేపెగ్, పిఎన్‌జి కావాలంటే ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ అన్నదానికి వెళ్లాలి. కొందరు దీనిని విసుగు అంటారు. మా దృష్టిలో అది మేలు. కాని రెండు చోట్ల జాగ్రత్త అవసరం. జేపెగ్‌ను తెరిచినప్పుడు ఫైల్ మెనూలో ఓవర్‌రైట్ అన్న మాట, దాని పక్కన మీ ఫైలు పేరు కనిపిస్తుంది. దానిని నొక్కితే అసలు పోతుంది. రెండవది, ఎక్స్‌పోర్ట్ చేసి మూయబోతే మార్పులు సేవ్ కాలేదని జింప్ హెచ్చరిస్తుంది. ఫోటో వచ్చేసింది కదా అని డిస్కార్డ్ నొక్కుతారు. అది ప్రాజెక్టును పారవేయడమే.

పరిమాణం గురించి భయపడవలసిన పని లేదు. 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవున్న ఫోటోను 600 డిపిఐలో స్కాన్ చేస్తే 2400, 3600 పిక్సెళ్ల చొప్పున మొత్తం 86 లక్షల 40 వేల బిందువులు. ఒక్కో పొరకు కుదించక ముందు దాదాపు 26 ఎంబీ. మాస్కు అందులో మూడవ వంతు. నాలుగైదు పొరలున్నా ఒక సాధారణ పెన్‌డ్రైవ్‌లో ఇటువంటివి వందకు పైగా పడతాయి. ఒక ప్రతి మీ ఇంట్లో, మరొకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా జతచేస్తే కుదించకుండా పోతుంది. ఆ ఫుప్పీకి స్కాను అలా వెళ్లి ఉంటే దాదాగారి అసలు వివరమంతా నేడు జిద్దాలో ఉండేది.

షాదీ కార్డులు వేయించేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. హైదరాబాదు ఛత్తాబజారులోనైనా, మీ ఊరి ప్రెస్సులోనైనా కార్డు తయారయ్యాక పిఎస్‌డి లేక సిడిఆర్ ఫైలును, దానితో పాటు ఒక పిడిఎఫ్‌ను అడిగి తీసుకోండి. రెండవ అమ్మాయి పెళ్లికి పేర్లు, తేదీ మార్చుకుంటే సరిపోతుంది. జేపెగ్ మాత్రమే ఇస్తే మళ్లీ మొదటి నుండి డిజైను ఖర్చు. తెలుగు, ఉర్దూ అక్షరాలకు ఏ ఫాంట్ వాడారో కూడా రాయించుకోండి. ఆ ఫాంట్ లేని కంప్యూటరులో తెరిచి అక్షరాలు మార్చబోతే అవి చెదిరిపోతాయి.