క్యాన్సర్‌ కణమే టీకా అయితే?

అమీర్‌పేటలో మెట్రో మారి, పంజగుట్టలో దిగి, రిపోర్టుల ఫైలు పట్టుకుని నిమ్స్‌కు వెళ్లే క్యాన్సర్‌ రోగుల బంధువులను అడిగి చూడండి. ‘క్యాన్సర్‌కు టీకా వచ్చేసిందట’ అన్న వాట్సాప్‌ మెసేజ్‌ వారిలో చాలామందికి వచ్చే ఉంటుంది. 2024 డిసెంబరులో రష్యా ప్రకటన తర్వాత ఇలాంటి ప్రచారం బాగా పెరిగింది. మీ ఇంట్లోనూ రోగి ఉంటే ఆశ కలగడం సహజం. అయితే ఆ ఆశను ఎంతవరకు నమ్మాలో తెలియాలి.

ఆలోచన పాతదే

క్యాన్సర్‌ కణం మన ఒంట్లో పుట్టిందే. అందుకే రోగనిరోధక వ్యవస్థ చాలాసార్లు దాన్ని శత్రువుగా గుర్తుపట్టదు. మరి ఆ కణం జన్యువులనే మార్చి, దాని చేతే శత్రువు గుట్టు బయటపెట్టిస్తే? 1993లో అమెరికాలో గ్లెన్‌ డ్రానాఫ్‌ బృందం ఎలుకలపై ఇదే చేసింది. కణితి కణాల్లోకి జీఎం-సీఎస్‌ఎఫ్‌ అనే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువును చొప్పించారు. అవి మళ్లీ పెరగకుండా రేడియేషన్‌ ఇచ్చి, టీకాలా వేశారు. ఆ ప్రొటీన్‌ రోగనిరోధక కణాలను రప్పించింది. అవి కణితి ఆనవాళ్లను టి-కణాలకు చూపించాయి. ఎలుకల్లో ఫలితం బ్రహ్మాండంగా ఉంది.

మనుషుల్లో మాత్రం అంత తేలిక కాలేదు. ఇదే పద్ధతిలో ప్రోస్టేట్‌ క్యాన్సర్‌కు తయారుచేసిన ‘జీవ్యాక్స్‌’ టీకా పెద్ద ప్రయోగాలను 2008లో ఆపేయాల్సి వచ్చింది. ఒకదానిలో టీకా తీసుకున్నవారిలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. ముదిరిన కణితి తన దగ్గరికొచ్చిన టి-కణాలను నీరసింపజేస్తుంది. కాబట్టి గుర్తుపట్టడం ఒక్కటే సరిపోదు. 2015లో అమెరికా అనుమతించిన ‘టి-వెక్‌’ మరో దారి పట్టింది. జన్యువులు మార్చిన హెర్పిస్‌ వైరస్‌ను నేరుగా కణితిలోకి ఎక్కిస్తారు. అదీ మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కే.

మన దేశంలో ఏముంది?

ఇక్కడ అనుమతి పొందినది దీనికి తిరగేసిన పద్ధతి. క్యాన్సర్‌ కణాన్ని కాదు, దాన్ని చంపే టి-కణాన్నే మారుస్తారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్‌ కృషితో వచ్చిన ‘నెక్స్‌కార్‌19’కు 2023 అక్టోబరులో అనుమతి లభించింది. ఖర్చు సుమారు 30 నుంచి 40 లక్షల రూపాయలు. ప్రయోగాల్లో దాదాపు 73 శాతం మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. తగ్గడమంటే పూర్తిగా నయమవడం కాదు. పైగా ఇది కొన్ని రకాల రక్త, లింఫ్‌ క్యాన్సర్లకే. రొమ్ము, ఊపిరితిత్తుల వంటి గడ్డల క్యాన్సర్లకు ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది.

మీరు అడగాల్సినవి

‘మీ కణాలతోనే టీకా చేస్తాం’ అని ఎవరైనా అంటే పొలం అమ్మకానికి పెట్టే ముందు ఈ నాలుగు విషయాలు అడగండి.

ఒకటి, ఇది అనుమతి పొందిన చికిత్సా, ప్రయోగమా? ప్రయోగమైతే సీటీఆర్‌ఐ నమోదు సంఖ్య ఇవ్వమనండి. ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

రెండు, ప్రయోగమైతే డబ్బెందుకు అడుగుతున్నారు? 2020 జులైలో ఇదే నిమ్స్‌లో కోవాగ్జిన్‌ ప్రయోగాలు జరిగాయి. వలంటీర్లు టీకాకు డబ్బు కట్టలేదు. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి.

మూడు, మా రోగికి ఉన్న క్యాన్సర్‌ రకానికి, ఈ దశకు ఇది మనుషుల్లో పనిచేసిందా? ఎలుకల్లో ఫలితం చూపిస్తే చాలదు.

నాలుగు, ఇప్పుడు జరుగుతున్న కీమో, రేడియేషన్‌ ఆపమంటున్నారా? ఆపమంటే వెంటనే మీ ఆంకాలజిస్టును కలవండి. కొత్త చికిత్స కోసం ఎదురుచూస్తూ ఉన్న చికిత్స మానేస్తే, పోయిన ఆ నెలలు మళ్లీ రావు.