విషాదానికి ఎన్ని రికార్డులు?

జాయ్ డివిజన్ అనే ఇంగ్లీషు రాక్ బృందం చేసిన ఎల్పీలు రెండంటే రెండే. 1979లో ‘అన్‌నోన్ ప్లెజర్స్’, 1980 జూలైలో ‘క్లోజర్’. రెండోది బజారుకొచ్చేసరికి పాటగాడు ఇయాన్ కర్టిస్ లేడు. మూర్ఛరోగంతో, దిగులుతో వేగలేక మే నెలలోనే ప్రాణం తీసుకున్నాడు. పట్టుమని 23 ఏళ్ళు!

ఆ తర్వాతా రికార్డులాగలేదు. 1981లో ‘స్టిల్’, 1988లో ‘సబ్‌స్టెన్స్’. మొదటి ఎల్పీ అట్టమీది గీతలబొమ్మ చొక్కాలకి కూడా ఎక్కింది. పాటలు బాగాలేవనను, బావుంటాయి, వినండి. ఆ చావుని ‘కళాకారుడి విషాదం’ అంటూ మురిసిపోయేవాళ్ళని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. అది కళేమిటండీ, జబ్బు! ఏడాది పిల్లతో మిగిలిపోయిన భార్య డెబొరా మాటేమిటి? ఆవిడ గోడు పుస్తకంగా వచ్చేసరికి 1995 అయింది. రికార్డులన్నీ అరలో పేర్చుకున్న ఆ మహానుభావుల్లో అది చదివినవాళ్ళెందరో అడగండి.