ప్రాచీనతే ప్రమాణమా? తైచీ పుట్టుకపై ఒక పరిశీలన

వ్యాయామం గురించి నాతో చర్చించేవారిలో చాలామంది ఈ మధ్య ఒకే విధంగా అడుగుతున్నారు: “చైనావారి తైచీ వేల ఏళ్ళనాటి విద్యట కదా! మన దక్షిణదేశం నుండి వెళ్ళిన బోధిధర్ముడే దానిని వారికి నేర్పాడట కదా! అయితే పెద్దవయసువారు నిశ్చింతగా చేయవచ్చునా?” చివరి ప్రశ్నకు సమాధానం చెప్పడం కష్టం కాదు. దాని ముందున్న “అయితే” అన్న మాటే నన్ను ఈ వ్యాసం వ్రాయడానికి పురికొల్పింది. పాతది కాబట్టి మంచిదని, మనది కాబట్టి హాని చేయదని మనలో పాతుకుపోయిన నమ్మకం ఆ ఒక్క మాటలో ఉంది. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తెలుసుకోవడానికి తైచీ చరిత్ర చక్కని ఉదాహరణ.

అంతరంగ విద్యలు అంటే ఏమిటి?

చైనా యుద్ధవిద్యలను బాహ్యవిద్యలు, అంతరంగ విద్యలు అని రెండు తెగలుగా చెప్పడం పరిపాటి. కండబలం, వేగం ప్రధానమైనవి బాహ్యవిద్యలు. శావోలిన్ ఆశ్రమం పేరుతో ప్రసిద్ధి పొందినవి ఈ కోవకు చెందుతాయి. శరీరాన్ని సడలించి, శ్వాసను, మనస్సును, కదలికను ఏకం చేసి, ఎదుటివాని బలాన్ని దారి మళ్ళించేవి అంతరంగ విద్యలు. తైజీచ్వాన్, షింగ్యీచ్వాన్, బాగ్వాజాంగ్ అనే మూడింటిని ఈ తెగలో చేరుస్తారు. వీటిలో మొదటిదే మనం తైచీ అని పిలుస్తున్నది.

కొండమీది సిద్ధుని కథ

వూడాంగ్ పర్వతంపై తపస్సు చేసుకుంటున్న జాంగ్ సాన్‌ఫెంగ్ అనే తావో సిద్ధుడు, ఒక పక్షికీ పాముకూ జరిగిన పోరాటాన్ని గమనించి తైచీని సృష్టించాడని ప్రచారంలో ఉన్న కథ. ఆయన కాలం విషయంలోనే కథలు ఏకీభవించవు. కొన్ని సోంగ్ వంశ కాలమని, కొన్ని యువాన్ కాలమని, మరికొన్ని మింగ్ కాలమని చెబుతాయి. అన్నీ నిజమైతే ఆయన వందల సంవత్సరాలు జీవించి ఉండాలి!

అంతరంగ, బాహ్య విభాగం లిఖితరూపంలో మొదట కనిపించేది 1669లో. హువాంగ్ జోంగ్‌షీ అనే పండితుడు, వాంగ్ జెంగ్‌నాన్ అనే యోధుని స్మృతిగా వ్రాసిన సమాధి లేఖనం అది. శావోలిన్ విద్య బాహ్యమని, సాన్‌ఫెంగ్ నుండి వచ్చినది అంతరంగమని అందులో ఉంది. 1644లో మంచూలు బీజింగ్‌ను వశపరచుకున్నారు. హువాంగ్ వారిని ప్రతిఘటించినవాడు, వారి కొలువులో చేరడానికి నిరాకరించినవాడు. పరదేశం నుండి వచ్చిన బౌద్ధం కంటే స్వదేశీయమైన తావో మార్గం మిన్న అని చెప్పడంలో పరపాలకులపై నిరసన ధ్వనిస్తోందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. విశేషమేమంటే ఆ లేఖనంలో తైచీ పేరే లేదు.

ఒక పల్లె, ఒక సేనాని, ఒక పుస్తకం

1930ల ప్రారంభంలో థాంగ్ హావ్ అనే న్యాయవాది, చరిత్ర పరిశోధకుడు, హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగో గ్రామానికి వెళ్ళి వంశావళులను, పాత పత్రాలను పరిశీలించాడు. 17వ శతాబ్దంలో ఆ ఊరి యోధుడైన చెన్ వాంగ్‌టింగ్ ఈ విద్యకు రూపకల్పన చేశాడని తేల్చాడు. 16వ శతాబ్ది సేనాని చీ జిగువాంగ్ సైనిక శిక్షణ గ్రంథంలోని 32 ముష్టియుద్ధ భంగిమలలో అనేకం చెన్ వారి విద్యలో కనిపించడాన్ని ఆధారంగా చూపాడు. అంటే, మూలంలో ఇది సైనికుల కసరత్తుతో సంబంధం ఉన్న విద్య అన్నమాట.

అందరూ దీనికి అంగీకరించలేదు. చెన్ వంశానికి బయటినుండి వాంగ్ జోంగ్‌యువే అనే ఆచార్యుని ద్వారా ఈ విద్య వచ్చిందని వాదించేవారు, ఆయన పేరిట ఉన్న ఒక చిన్న గ్రంథాన్ని చూపుతారు. అది 19వ శతాబ్ది మధ్యలో ఒక ఉప్పు దుకాణంలో దొరికిందని చెబుతారు. ఆ కథను నమ్మనివారూ ఉన్నారు. 2020లో యునెస్కో తైచీని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినా, వివిధ సంప్రదాయాల మధ్య వివాదం మాత్రం ముగియలేదు.

వివాదం లేని భాగమే మనకు ముఖ్యం. చెన్‌జియాగోలో నేర్చుకున్న యాంగ్ లూచాన్ (1799–1872) ఈ విద్యను బీజింగ్ నగరానికి తెచ్చాడు. ఆయన మనుమడు యాంగ్ చెంగ్‌ఫూ దానిని నిదానమైన, సమగతి గల సాధనగా తీర్చిదిద్ది, సామాన్యుల ఆరోగ్యానికి అనువుగా ప్రచారం చేశాడు. సున్ లూథాంగ్ (1860–1933) మూడు అంతరంగ విద్యలనూ సమన్వయపరచి గ్రంథాలు వ్రాశాడు. 1956లో చైనా ప్రభుత్వ క్రీడాశాఖ 24 భంగిమల సులభరూపాన్ని కూర్పించింది. నేడు లోకమంతటా ఉద్యానవనాలలో ఎక్కువగా కనిపించేది ఈ సులభరూపమే. దాని వయస్సు వేల ఏళ్ళు కాదు, డెబ్బై ఏళ్ళు.

బోధిధర్ముని మాట

547 ప్రాంతంలో వ్రాసిన ఒక చైనా గ్రంథం బోధిధర్ముని పారశీకునిగా పేర్కొంటుంది. తరువాతి రచనలు దక్షిణ భారతీయుడని అంటాయి. ఆ తొలి రచనలు వేటిలోనూ ఆయన యుద్ధవిద్య నేర్పిన ముచ్చట లేదు. ఆ సంబంధం 17వ శతాబ్దంలో ‘యీజిన్ జింగ్’ అనే వ్యాయామ గ్రంథంతో మొదలైంది. అందులోని ప్రాచీన పీఠికలు కల్పితాలని పండితులు నిర్ధారించారు. ఆ కథ కూడా శావోలిన్‌కు, అంటే బాహ్యవిద్యలకు సంబంధించినది. తైచీతో దానికి పొత్తు లేదు. 2011లో తెలుగులోకి కూడా వచ్చిన ‘సెవెన్త్ సెన్స్’ చలనచిత్రం మన ఇళ్ళలో ఈ కథకు మరింత బలం చేకూర్చింది. చలనచిత్రం వినోదం కొరకే గాని చరిత్రకు ప్రమాణం కాజాలదు.

మన శాస్త్రం చూపిన మర్యాద

ఈ విషయంలో మన ఆయుర్వేదం ఆదర్శప్రాయం. ఆత్రేయుని ఉపదేశాన్ని అగ్నివేశుడు గ్రంథస్థం చేశాడని, దానిని చరకుడు సంస్కరించాడని, లోపించిన చికిత్సాస్థానంలోని 17 అధ్యాయాలను, కల్ప, సిద్ధి స్థానాలను దృఢబలుడు పూరించాడని చరక సంహితే స్వయంగా చెబుతుంది. ఎవరి చేయి ఎక్కడ పడిందో చెప్పినందువల్ల ఆ గ్రంథం గౌరవం తగ్గలేదు. మూలాన్ని ఒక సిద్ధునికి అంటగట్టినప్పుడు, తరతరాలుగా చెమటోడ్చి ఆ విద్యను మలచిన మనుషులకు అన్యాయం జరుగుతుంది. మార్చడం అపచారమన్న భయం కూడా కలుగుతుంది. నిజానికి ప్రతి తరమూ తన అవసరానికి తగినట్లు మార్చుకున్నందువల్లనే తైచీ నేడు వృద్ధులకు పనికివస్తోంది.

గుణమే గీటురాయి

2012లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో 195 మంది పార్కిన్‌సన్ వ్యాధిగ్రస్తులపై జరిగిన అధ్యయన ఫలితాలు వెలువడ్డాయి. 24 వారాలపాటు వారానికి రెండుసార్లు తైచీ చేసినవారిలో శరీర సమతూకం మెరుగుపడింది. కేవలం కండరాలు సాగదీసే వ్యాయామాలు చేసినవారికంటే వీరు క్రిందపడడం తగ్గింది. పెద్దవయసులో క్రిందపడి తుంటి ఎముక విరిగితే ఇంటిల్లిపాదికీ ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. తైచీ చేయడానికి ఇంతకు మించిన కారణం అవసరం లేదు. అయితే అది ఉన్న వ్యాధిని నయం చేసిందని ఆ అధ్యయనం చెప్పలేదు. వేల ఏళ్ళ విద్య అన్న ధీమాతో రక్తపోటు, మధుమేహం మాత్రలు మానివేయడం ప్రాణాపాయం.

నేర్చుకోదలచినవారు గురువును ఆ విద్య వయస్సు అడగనవసరం లేదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి భంగిమలను ఎలా మారుస్తారో, తల తిరిగితే ఏమి చేయాలో, రోజుకు ఎంతసేపు చేయాలో అడగండి. సరియైన గురువు తడుముకోకుండా చెబుతాడు. చేయి తగలకుండానే మనిషిని పడగొడతాననేవానికి, మందులు మానమనేవానికి దూరంగా ఉండండి. కీళ్ళ శస్త్రచికిత్స అయినవారు, తరచుగా కళ్ళు తిరిగేవారు వైద్యుని సలహా పొందిన పిమ్మటే ప్రారంభించాలి. తొలిరోజులలో పక్కన ఒక కుర్చీ ఉంచుకోవాలి. భోజనం చేసిన వెంటనే చేయరాదు.

వ్యాయామాన్ని అర్ధశక్తితో చేయమని వాగ్భటుడు విధించాడు. అలసిపోకముందే ఆపడం ఆ నియమంలోని సారం. ఏ దేశపు విద్యకైనా, ఏ కాలపు విద్యకైనా ఈ నియమం వర్తిస్తుంది.