నొప్పి పోయింది కదా, ఇంకా క్యాప్ ఎందుకు?

మన బెజవాడ సూర్యారావుపేటలో ఎటు చూసినా డాక్టర్ల బోర్డులే. రూట్ కెనాల్ చేసేవాళ్ళకి కరువు లేదు. కరువల్లా చేయించుకున్నాక ఆ పని పూర్తి చేయించుకునే ఓపికకే. సంక్రాంతికి హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో ఇంటికొస్తాం, సెలవుల్లోనే రూట్ కెనాల్ కానిచ్చేస్తాం, నొప్పి పోగానే బస్సెక్కేస్తాం. క్యాప్ సంగతేంటి అంటే "ఉగాదికి చూద్దాం". ఆ ఉగాది మాత్రం రాదు.

ఏడాది తిరిగాక జంతిక కొరికితే పన్ను కాస్తా నిలువునా చీలుతుంది. అప్పుడు ఇంట్లో పెద్దలు తీర్పు చెప్పేస్తారు: "రూట్ కెనాల్ చేస్తే పన్ను పెళుసైపోతుంది, పీకించేయమని ముందే చెప్పాం కదా!"

ఈ మాట నేనొప్పుకోను. 1989లో రీ, మెస్సర్, డగ్లస్ అనే ముగ్గురు పీకేసిన ప్రీమోలార్ పళ్ళ మీద లెక్క కట్టి చూశారు. రూట్ కెనాల్ పని వల్ల పన్ను దృఢత్వం తగ్గింది 5 శాతం. రెండు పక్కల అంచులూ పోయేలా పెద్ద గుంట తీస్తే తగ్గింది ఏకంగా 63 శాతం! అంటే అసలు దొంగ పుచ్చు, దాంతో పోయిన గోడలు. ఇంజినీరింగ్ చదివాం కదా, ఆలోచించండి. అంచులు పోతే మిగిలిన గోడలు కాంటిలివర్లే, నమిలినప్పుడల్లా వంగుతాయి. ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టాలాగా క్యాప్ వాటిని పట్టి ఉంచుతుంది.

2002లో అక్విలినో, కాప్లాన్ పాత రికార్డులు తిరగేస్తే, రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ లేని పళ్ళు క్యాప్ ఉన్నవాటికంటే 6 రెట్లు ఎక్కువగా పోయినట్టు తేలింది.

"క్యాప్ అంతా డాక్టర్ల దోపిడీ" అనేవాళ్ళకో మాట. ప్రతి పన్నుకీ క్యాప్ అక్కర్లేదు. ముందు పన్ను చాలావరకు గట్టిగా ఉంటే ఫిల్లింగుతో సరిపోవచ్చు. "గోడ ఎంత మిగిలింది?" అని డాక్టర్నే అడగండి. అనుమానముంటే విజయవాడలోనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, అక్కడ ఇంకోసారి చూపించుకోండి. అంతేగానీ నమిలే దవడ పన్నుని తాత్కాలిక ఫిల్లింగుతో వదిలేయకండి. అది అరిగి, సందులోంచి ఉమ్మి, క్రిములు మళ్ళీ లోపలికి పోతాయి.

ప్రొడక్షన్లో టెంపరరీ ఫిక్స్ పెట్టి మర్చిపోయిన టీముని మీటింగులో ఉతికి ఆరేస్తాం. మరి మన నోట్లో ఏడాదిగా ఉన్న టెంపరరీ ఫిక్స్ సంగతేంటి మాస్టారూ?